ఆకాశమున బాట వేసిన జె.ఆర్.డి. టాటా

రెండు పట్టణముల నడుమ గల దూరము ఎన్ని తరములు గడచినను మాఱదు. కరాచీకిని బొంబాయికిని నడుమ నాడు ఎంత నేల, ఎంత నీరు ఉండెనో నేడును అంతయే యున్నది. మాఱునది ఆ దూరమును దాటుటకు పట్టు కాలము మాత్రమే. కాలినడకను పోవు బాటసారికి నెలలు పట్టిన దారి రైలుబండికి దినములలో తెమలెను. ఆ దినములను గంటలుగా కుదింపవచ్చునని భారతదేశమునకు చేసి చూపినవాడు జహంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటా. లోకమంతయు ఆయనను జె.ఆర్.డి. అను మూడక్షరములతోనే ఎఱుగును.

జె.ఆర్.డి. 1904వ సంవత్సరము జూలై 29వ తేదీని ఫ్రాన్సు రాజధానియగు పారిస్ నగరమున జన్మించెను. తండ్రి రతన్‌జీ దాదాభాయి టాటా పారసీ వర్తకుడు. టాటా సంస్థలకు మూలపురుషుడైన జంషెడ్జీ టాటాకు దగ్గఱి బంధువు, వ్యాపారమున తోడునీడ. తల్లి సుజాన్ ఫ్రెంచి వనిత. ఆ దంపతుల ఐదుగురు బిడ్డలలో జె.ఆర్.డి. రెండవవాడు. తండ్రి వ్యాపారముపై దేశదేశములు తిరుగుచుండుటచే బిడ్డల చదువు ఒకచోట నిలుకడగా సాగలేదు. కొంతకాలము పారిస్, కొంతకాలము బొంబాయి, మఱికొంతకాలము జపాను దేశమందలి యొకహామా - ఇట్లు ఆ బాలుని చిన్ననాడు ఓడలమీదను రైళ్లమీదను గడచెను. ఒక ఊరి నుండి మఱియొక ఊరికి పోవుటకు ఎన్ని దినములు, ఎన్ని వారములు పట్టునో వానికి అనుభవముచేతనే తెలిసెను.

ఫ్రాన్సు ఉత్తరతీరమున హార్డెలో అను సముద్రతీరగ్రామము కలదు. వేసవి సెలవులకు టాటా కుటుంబము అచ్చటి తమ యింట విడియుచుండెను. ఆ యింటికి చేరువనే లూయి బ్లేరియో అను సుప్రసిద్ధ వైమానికుని ఇల్లుండెను. ఈ బ్లేరియోయే 1909వ సంవత్సరము జూలై 25వ తేదీని, ఫ్రాన్సునకును ఇంగ్లండునకును నడిమి సముద్రమును నలువది నిమిషములు నిండకమునుపే విమానముపై దాటి లోకమును విస్మయపఱచినవాడు. హార్డెలో ఇసుకతీరమున అప్పుడప్పుడు విమానములు వ్రాలుచుండెను. వాని రెక్కల చప్పుడు చెవినబడగానే పిల్లలందఱును పరుగెత్తుకొని పోవుచుండిరి. వారిలో ముందు నిలుచువాడు జె.ఆర్.డి. పదునైదవయేట వానికి ఒక విమానమున ఎక్కి కొలదిసేపు విహరించు భాగ్యము కలిగెను. నేలపై ఇండ్లు అగ్గిపెట్టెలవలెను, మనుష్యులు చీమలవలెను కనబడిన ఆ క్షణముననే తాను విమానచోదకుడు కావలెనని ఆ బాలుడు నిశ్చయించుకొనెను.

కోరిక కలిగినంతమాత్రమున కార్యము సిద్ధింపదు. 1923లో తల్లి క్షయరోగమువలన కన్నుమూసెను. మఱుసటి యేట జె.ఆర్.డి. ఫ్రెంచి సైన్యమున ఒక సంవత్సరము కొలువు చేయవలసివచ్చెను. అటుపిమ్మట ఇంగ్లండునకు పోయి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదువవలెనని అతడు ఎంతయో ఆశపడెను. కాని తండ్రి అతనిని బొంబాయికి రప్పించి 1925లో టాటా సంస్థలో జీతము లేని శిక్షితునిగా చేర్చెను. ఒక సంవత్సరము తిరుగకమునుపే, 1926లో, తండ్రియు మరణించెను. ఇరువదిరెండేండ్ల వయస్సున కుటుంబభారమంతయు అతని భుజములపై పడెను. విశ్వవిద్యాలయపు చదువు తనకు దక్కలేదను చింత అతనిని జీవితాంతము వీడలేదు. కాని అతడు ఆ చింతను సోమరితనమునకు సాకుగా చేసికొనలేదు. పగలు ఉద్యోగము చేసి, రాత్రులు పుస్తకములు ముందుంచుకొని, తనకు తానే గురువై నేర్చుకొనెను.

అంతలో బొంబాయిలో వైమానికసంఘమొకటి వెలసెను. ఆ వార్త వినినంతనే జె.ఆర్.డి. అందు చేరెను. శిక్షకుని ప్రక్కన కూర్చుండి నాలుగు గంటలైనను నిండకమునుపే ఒంటరిగా విమానమును నడుపగలిగెను. 1929 ఫిబ్రవరి 10వ తేదీని అతనికి విమానచోదకుని లైసెన్సు లభించెను. భారతదేశమున నీయబడిన అట్టి లైసెన్సులలో దాని సంఖ్య ఒకటి. తరువాతి కాలమున ఎన్నో బిరుదులును పురస్కారములును ఆయనను వరించెను. కాని వానియన్నిటికంటె ఆ చిన్న నీలిరంగు పుస్తకమే తనకు ఎక్కువ ఆనందము కలిగించినదని ఆయన తలచుచుండెడివాడు.

ఆ యేటనే ఆగాఖాను ఒక బహుమానమును ప్రకటించెను. భారతదేశమునకును ఇంగ్లండునకును నడుమ ఒంటరిగా విమానమును నడుపుకొనుచు, నియమిత కాలములోపల గమ్యమును చేరిన మొదటి భారతీయునకు 500 పౌనులు లభించును. ఈ పందెమునకు పూనుకొన్నవారిలో జె.ఆర్.డి. ఒకడు, పదునేడేండ్ల ఆస్పీ ఇంజనీరు అను పారసీ యువకుడు మఱియొకడు. ఆస్పీ ఇంగ్లండు నుండి తూర్పునకు బయలుదేరెను. జె.ఆర్.డి. 1930 మే నెల 3వ తేదీని కరాచీ నుండి పడమటికి బయలుదేరెను. నాటి చిన్న విమానములకు రేడియో లేదు. క్రిందనున్న నదులను, కొండలను, రైలుదారులను చూచుకొనుచు, చేతియందలి పటముతో సరిపోల్చుకొనుచు పోవలెను. ఇంజను ఆగినచో దిగుటకు ఎడారియో సముద్రమో తప్ప మఱియొక చోటు దొరకదు.

ఈజిప్టు దేశమున అలెగ్జాండ్రియాకు చేరువనున్న అబూకీర్ విమానస్థలమున జె.ఆర్.డి. దిగినప్పుడు అచ్చట ఆస్పీ ఇంజనీరు చిక్కుబడి యుండుట చూచెను. అతని విమానమునకు స్పార్కు ప్లగ్గులు చెడిపోయినవి. ఇంజనులోని పెట్రోలును మండించు నిప్పురవ్వ పుట్టునది ఈ ప్లగ్గులలోనే. అవి లేనిచో విమానము కదలదు. మారుప్లగ్గులు ఎచ్చటినుండియైనను వచ్చువఱకు ఆస్పీ అక్కడనే కూర్చుండవలసినదే. ప్రత్యర్థి అట్లు నిలిచిపోవుట తనకు లాభమని జె.ఆర్.డి. ఎఱుగకపోలేదు. ఊరకుండినచో బహుమానము తన చేతికే చిక్కవచ్చును. ఊరకుండుట ఏ నియమమునకును విరుద్ధమును కాదు. అయినను అతడు క్షణమైనను ఆలోచింపక, తనవద్దనున్న మారుప్లగ్గులను తీసి ఆస్పీ చేతిలో పెట్టెను. ఇరువురును ఒకరికొకరు శుభము పలికికొని, ఒకడు తూర్పునకు, ఒకడు పడమటికి ఎగిరిపోయిరి. ఆస్పీ కరాచీని చేరిన కొలది గంటలకు జె.ఆర్.డి. లండనును చేరెను. ఆ కొలది గంటల తేడాతో బహుమానము ఆస్పీకి దక్కెను.

జె.ఆర్.డి. ఓడిపోయినందులకు విచారింపలేదు, ఆస్పీ గెలుపునకు సంతసించెను. ఆ గెలుపు చూపి ఆస్పీ వైమానికదళమున చేరగలిగెను. స్వతంత్రభారతమున 1960లో అతడు వైమానికదళాధిపతి పదవిని అలంకరించెను. ఎడారి అంచున ఒకనాడు చేతులు మాఱిన కొన్ని చిన్న లోహపుముక్కలు దేశమునకు ఒక సేనానిని ఇచ్చుటకు తోడ్పడినవి.

ఇంతలో మఱియొక గొప్ప కార్యమునకు బీజము పడెను. నెవిల్ విన్సెంట్ అను వైమానికుడు బ్రిటిషు వైమానికదళమున పనిచేసి, పిదప భారతదేశమునకు వచ్చి ఊరూర విమానవిహారములు చూపుచుండెను. దేశమంతయు తిరిగిన ఆతనికి ఒక సంగతి తోచెను. 1929 నుండి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ అను బ్రిటిషు సంస్థ లండను టపాను విమానములపై కరాచీకి చేర్చుచుండెను. సముద్రములను ఎడారులను దాటి ఒక వారములో కరాచీకి వచ్చిన ఉత్తరము అక్కడ దిగి రైలెక్కవలసివచ్చుచుండెను. ఆ రైలు థారు ఎడారిని చుట్టుకొని గుజరాతు మీదుగా బొంబాయికి, అచ్చటినుండి దక్కను పీఠభూమి మీదుగా మద్రాసునకు పోవలెను. వేలకొలది మైళ్లు గాలిలో ఎగిరి వచ్చిన జాబు చివరి దారిలో దినములకొలది పట్టాలమీద ప్రాకుచుండెను. కరాచీ, బొంబాయి, మద్రాసు పట్టణములను విమానమార్గముచే కలిపినచో ఆ దినములన్నియు మిగులును. ఈ ఆలోచనతో విన్సెంట్ జె.ఆర్.డి.ని కలిసికొనెను. ఆకలిగొన్నవానికి అన్నము వడ్డించినట్లయ్యెను.

కాని దారి సుగమముగా లేదు. టాటా సంస్థకు నాడు అధ్యక్షుడైన సర్ దోరాబ్జీ టాటా వృద్ధుడు. గాలిలో ఎగురు వ్యాపారమున ధనము పెట్టుటకు ఆయన మొదట సుముఖుడు కాలేదు. జె.ఆర్.డి.కి పెద్దదిక్కుగా నున్న జాన్ పీటర్సన్ అను అధికారి నచ్చజెప్పగా, అడిగిన ధనము అంత హెచ్చుది కాదని ఎంచి ఆయన సమ్మతించెను. పెట్టుబడి రెండు లక్షల రూపాయలు. ఇంట అనుమతి లభించినను ప్రభుత్వమువద్ద అనుమతి లభింపదయ్యెను. టపాసర్వీసు నడుపుటకు కొంత సహాయధనము కావలెనని టాటాలు కోరిరి. బొక్కసమున ధనము లేదని ప్రభుత్వము త్రోసిపుచ్చెను. ఉత్తరప్రత్యుత్తరములతోనే సంవత్సరములు గడచెను. మఱియొకడైనచో విసిగి విడిచిపెట్టియుండును. జె.ఆర్.డి.యు విన్సెంటును మాత్రము పట్టు వదలలేదు. తుదకు వారు, సహాయధనము ఒక్క రూపాయియైనను అక్కఱలేదు, మోసిన టపాకు మాత్రము కూలి యిచ్చిన చాలునని తెలియజేసిరి. ఇంక కాదనుటకు కారణము లేకపోయెను. 1932 ఏప్రిలు నెలలో పది సంవత్సరములకు ఒడంబడిక కుదిరెను.

ఆ సంస్థ యొక్క సంపద ఎంతటిదో వినదగినది. పస్‌మాత్ జాతికి చెందిన చిన్న విమానములు రెండు. వానికి ఒక్కొక్క ఇంజనే. బొంబాయి పొలిమేరలో, సముద్రపుటొడ్డున జుహూ అను చోట మట్టినేలయే విమానాశ్రయము. విమానములు నిలుపుటకు తాటాకు కప్పిన పాక. చోదకులు జె.ఆర్.డి.తో కలిపి ముగ్గురు. కొలదిమంది మెకానిక్కులు. వానకాలమున జుహూ నేల నీట మునుగుచుండెను. అప్పుడు మకాము పూనాకు మార్చుకొనవలెను. దేశమున ఈనాడు కనబడు ఎత్తైన నియంత్రణగోపురములు గాని, దారి చూపు దీపములు గాని, వాతావరణమును తెలుపు రేడియోవార్తలు గాని వారికి లేవు.

సెప్టెంబరు నడుమ ఆరంభము కావలసిన సర్వీసు వానలవలన ఒక నెల వాయిదా పడెను. తుదకు 1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీ వచ్చెను. ఆనాటి తెల్లవాఱుజామున కరాచీలోని డ్రిగ్ రోడ్ విమానస్థలమున, లండను నుండి వచ్చిన టపాలో సుమారు 25 కిలోగ్రాముల సంచులు పస్‌మాత్ విమానమున ఎక్కింపబడెను. ఉదయము ఆఱున్నర గంటల వేళ జె.ఆర్.డి. ఒక్కడే విమానమెక్కి తూర్పుదిక్కునకు బయలుదేరెను. నాటికి అతని వయస్సు ఇరువదియెనిమిదేండ్లు.

కరాచీ నుండి అహమ్మదాబాదునకు ఆకాశమార్గమున సుమారు 600 కిలోమీటర్లు. అహమ్మదాబాదు నుండి బొంబాయికి సుమారు 440 కిలోమీటర్లు. ఆ విమానము గంటకు ఇంచుమించు నూఱు మైళ్లు, అనగా 160 కిలోమీటర్లు పోవును. దూరమును వేగముచే భాగించినచో ప్రయాణకాలము తేలును. ఈ లెక్కకు మొదటి మజిలీ నాలుగు గంటలకు కొంచెము తక్కువ. రెండవ మజిలీ మూడు గంటలకు కొంచెము తక్కువ. కాగితముమీద ఈ లెక్క సులువైనదే. కాని ఆకాశము కాగితము వంటిది కాదు. ఎదురుగాలి వీచినచో వేగము తగ్గును. ప్రక్కగాలి వీచినచో విమానము దారి తప్పును. ఎండ ముదిరినకొలది నేలనుండి వేడిగాలి లేచి చిన్న విమానమును గాలిపటమువలె ఎగురవేయును. తోవ తప్పి తిరిగినచో పెట్రోలు చాలదు. కావున చోదకుడు ఒక కంట గడియారమును, ఒక కంట దిక్సూచిని, నడుమ నడుమ నేలను చూచుకొనుచు పోవలెను. ఏ నదిని ఏ నిమిషమున దాటవలెనో లెక్కవేసికొని, ఆ నది ఆ వేళకు కనబడినప్పుడే ఊపిరి పీల్చుకొనవలెను.

క్రింద సింధునది పాయలును, కచ్ఛదేశపు తెల్లని ఉప్పునేలలును జరిగిపోవుచుండెను. ఇంజను చప్పుడు తప్ప వేఱొక తోడు లేదు. తన పూనిక ఫలింపవలెననియు, అందు పనిచేయువారందఱును క్షేమముగా నుండవలెననియు జె.ఆర్.డి. ఆ యేకాంతమున మనసులోనే ప్రార్థించెను. తాను దిగవలసిన చోట దిగినచో ఒక సర్వీసు ఆరంభమగును. దిగకపోయినచో భారతదేశమున విమానములు నడుపుట సాధ్యము కాదని చెప్పువారికి మఱియొక నిదర్శనము దొరకును. ఒంటరిగానున్న ఆ యువకుడు మోసినది ఇరువదియైదు కిలోగ్రాముల కాగితములు మాత్రమే కాదు.

విమానము అహమ్మదాబాదున దిగెను. అచ్చట పెట్రోలు ఎడ్లబండిమీద వచ్చెను. డబ్బాలనుండి దానిని విమానపు తొట్టిలో పోసిరి. గంటకు నూఱు మైళ్లు పోవు వాహనమునకు గంటకు రెండు మైళ్లు పోవు వాహనము ఆహారము తెచ్చుట నాటి భారతదేశపు స్థితిని చక్కగా చూపుచున్నది. పాతది క్రొత్తదానికి చేయూత యిచ్చెను. విమానము మరల లేచి దక్షిణమునకు తిరిగెను. పగలు రెండు గంటలగుటకు పది నిమిషములుండగా జుహూ మట్టినేలను తాకెను. నడుమ ఆగిన కాలముతో కూడ ప్రయాణమునకు పట్టినది ఇంచుమించు ఏడుగంటల ఇరువది నిమిషములు. రైలుకు దినములు పట్టు దారి ఒక పూటలో ముగిసెను.

జుహూలో విన్సెంట్ మఱియొక పస్‌మాత్‌తో సిద్ధముగా నుండెను. మద్రాసు టపాసంచులు ఆ విమానములోనికి మాఱినవి. విన్సెంట్ పడమటి కనుమలను దాటి బళ్లారికి బయలుదేరెను. బళ్లారి నాడు మద్రాసు రాజధానిలో, దత్తమండలములలో చేరియున్న పట్టణము. బొంబాయి నుండి అచ్చటికి సుమారు 615 కిలోమీటర్లు. చీకటిలో ఎగురుటకు తగిన సాధనములు లేనందున ఆ రాత్రి బళ్లారిలో నిలిచి, మఱునాడు 430 కిలోమీటర్ల దూరము దాటి విన్సెంట్ టపాను మద్రాసునకు చేర్చెను. ఆ విధముగా భారతదేశపు విమానసంస్థ యొకటి పుట్టినప్పుడే దాని రెక్కల నీడ తెలుగువారు నివసించు నేలపై పడినది. కొన్నాళ్ల తరువాత బళ్లారికి బదులు హైదరాబాదు ఈ మార్గమున మజిలీ యయ్యెను.

వారమునకు ఒకమారు నడచిన ఈ సర్వీసు మొదటి సంవత్సరమున లక్షా అఱువదివేల మైళ్లు తిరిగెను. పదిటన్నులకు మించిన టపాను, 155 మంది ప్రయాణికులను చేరవేసెను. అన్నిటికంటె మెచ్చుకొనదగినది దాని కాలనియమము. కుంభవృష్టిలో పడమటి కనుమలపై మేఘములు ముసిరినప్పుడును ఆ చిన్న విమానములు చెప్పిన వేళకు చెప్పిన చోటికి చేరినవి. ప్రభుత్వపు పౌరవిమానశాఖ తన వార్షికనివేదికలో ఈ కాలనియమమును ప్రత్యేకముగా ప్రశంసించెను. సహాయధనమును నిరాకరించిన ప్రభుత్వమునుండియే ఆ ప్రశంస వచ్చుట గమనింపదగినది.

క్రమముగా మార్గములు పెరిగినవి, విమానములు పెద్దవైనవి. 1938లో, ముప్పదినాలుగేండ్ల వయస్సున, జె.ఆర్.డి. టాటా సంస్థలన్నిటికిని అధ్యక్షుడయ్యెను. ఉక్కు, విద్యుచ్ఛక్తి, వస్త్రములు, రసాయనములు మున్నగు ఎన్నో పరిశ్రమల భారము ఆయనపై పడెను. అయినను విమానములపై మక్కువ తగ్గలేదు. 1942లో ఆయనకు తీరని నష్టము వాటిల్లెను. యుద్ధకాలమున ఇంగ్లండునుండి మరలివచ్చుచున్న నెవిల్ విన్సెంట్ విమానముతో కూడ నశించెను. తొలినాటి కలలో సగము పంచుకొన్న మిత్రుడు దాని పంటను చూడకయే పోయెను.

1946లో టాటా విమానసంస్థ ఎయిర్ ఇండియా అను పేరుతో ప్రజల భాగస్వామ్యము గల కంపెనీగా మాఱెను. 1948వ సంవత్సరము జూన్ 8వ తేదీని మలబార్ ప్రిన్సెస్ అను పేరుగల పెద్ద విమానము బొంబాయినుండి బయలుదేరి కైరో, జెనీవా నగరముల మీదుగా లండనును చేరెను. స్వతంత్రభారతపు విమానము సాగరాంతరములకు సర్వీసు నడుపుట అదియే మొదలు. ప్రయాణికులలో జె.ఆర్.డి.యు నుండెను. పదునెనిమిదేండ్లకు పూర్వము చిన్న విమానమున ఒంటరిగా, మజిలీమజిలీకి దిగుచు, దినములకొలది పోయిన దారిని ఇప్పుడు తన దేశపు విమానము రెండు దినములలో దాటుట ఆయన కన్నులార చూచెను. చెప్పిన వేళకు తప్పక చేరవలెనను ఆతురతతో ఆయన మార్గమంతయు మాటిమాటికి గడియారమును చూచుకొనెనట.

1953లో ప్రభుత్వము విమానసంస్థలను జాతీయము చేసెను. ఆ పద్ధతి ఆయనకు రుచింపలేదు. తాను పెంచిన బిడ్డను పరులకప్పగించినంత బాధ కలిగెను. అయినను సంస్థ చెడిపోరాదని తలచి, ప్రభుత్వము కోరగా ఎయిర్ ఇండియా అధ్యక్షపదవిని స్వీకరించి, జీతము గైకొనక ఇరువదియైదేండ్లు నిర్వహించెను. విమానమెక్కినప్పుడెల్ల ఆయన చేత ఒక చిన్న పుస్తకముండెడిది. కుర్చీలు సరిగా వాలుచున్నవా, కిటికీతెరలు శుభ్రముగా నున్నవా, తేనీరు రంగు కాఫీరంగునకు భిన్నముగా నున్నదా - ఇట్టి చిన్న సంగతులన్నియు అందు వ్రాసికొని సంబంధించినవారికి తెలుపుచుండెను. మురికిగానున్న బల్లను చూచినచో ఎవరినో పిలువక తానే గుడ్డ తీసికొని తుడిచెడివాడు. చిన్నవానిలో శ్రద్ధ లేనివానికి పెద్దవానిలో శ్రద్ధ కలుగదని ఆయన నమ్మకము.

1978లో ప్రభుత్వము ఆయనను ఆ పదవినుండి తొలగించెను. మనసు నొచ్చినను ఆయన ఎవరిని నిందింపలేదు. 1980లో మరల సంస్థ సంచాలకవర్గమున సభ్యునిగా తీసికొనబడెను. విమానములే కాక విజ్ఞానమును, వైద్యమును ఆయన పోషించెను. బొంబాయిలో క్యాన్సరు రోగులకు 1941లో వెలసిన టాటా మెమోరియల్ ఆసుపత్రియు, హోమీ భాభా కోరికపై 1945లో వెలసిన మౌలికపరిశోధనసంస్థయు ఆయన హయాములో రూపొందినవే. తనకు దక్కని ఉన్నతవిద్య ఇతరులకు దక్కవలెనని ఆయన చేసిన కృషి అట్టిది.

1932 నాటి ప్రయాణమునకు ముప్పదియేండ్లు నిండిన 1962లో జె.ఆర్.డి. అదే మార్గమున, అట్టిదే పాతకాలపు చిన్న విమానమున, కరాచీనుండి బొంబాయికి మరల ఎగిరివచ్చెను. యాబదియేండ్లు నిండిన 1982లో ఆ యాత్రను ఇంకొకమారు చేయుదునని తెలుపగా ఆప్తులు భయపడిరి. నాటికి ఆయనకు డెబ్బదియెనిమిదేండ్లు. ఆ వయస్సున ఒక్క ఇంజనుగల చిన్న విమానమున వందలకొలది కిలోమీటర్లు పోవుట అపాయకరము. కాని ఆయన వెనుదీయలేదు. దేశమున యువకుల మనస్సులను నిరాశ క్రమ్ముచున్నదని ఆయనకు తోచెను. సాధనములు లేనిదినములలో తమవంటివారు ఏ ఉత్సాహముతో పనిచేసిరో ఆ యువకులకు జ్ఞప్తిచేయవలెనని ఆయన ఉద్దేశము. అక్టోబరు 15వ తేదీని లెపర్డ్‌మాత్ విమానమును తానే నడిపి, కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా వచ్చి, అదే జుహూ నేలపై దిగెను. దూరము అంతయే; మజిలీలును అవియే. మాఱినది చోదకుని తలవెండ్రుకల రంగు మాత్రమే.

1992లో భారతప్రభుత్వము జె.ఆర్.డి. టాటాకు భారతరత్న బిరుదమునిచ్చి గౌరవించెను. 1993వ సంవత్సరము నవంబరు 29వ తేదీని ఆయన స్విట్జర్లాండు దేశమందలి జెనీవా నగరమున, ఎనుబదితొమ్మిదవయేట, తనువు చాలించెను. తాను పుట్టిన పారిస్ నగరముననే తన తలిదండ్రులు విశ్రమించిన శ్మశానమున ఆయన శరీరము ఖననము చేయబడెను. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా సంస్థ మరల టాటాల యాజమాన్యమునకు వచ్చెను. ఆ దినమును చూచుటకు ఆయన లేకుండెను.

నేడు అహమ్మదాబాదునుండి బొంబాయికి విమానము గంట, గంటంబావులో చేరుచున్నది. బొంబాయినుండి మద్రాసునకు రెండు గంటలు చాలును. నడుమ బళ్లారిలో రాత్రి గడుపనక్కఱలేదు. ప్రయాణికులు కిటికీప్రక్కన కూర్చుండి, అయిదు నిమిషములు ఆలస్యమైనచో విసుగుకొనుచుందురు. ఆ అయిదు నిమిషములను గూర్చి విసుగుకొను హక్కు వారికి ఊరక లభింపలేదు. తాటాకు పాకలో రెండు చిన్న విమానములు నిలిపికొని, ఎడ్లబండి తెచ్చిన పెట్రోలుతో ఎగిరి, ఇతరుల కాలమును తమ ప్రాణమువలె విలువగలదానిగా ఎంచినవారు దానిని సంపాదించి పెట్టిరి. ప్రత్యర్థికి తన ప్లగ్గులిచ్చి పందెమున కొలది గంటలు పోగొట్టుకొన్నవాడే, తన దేశ ప్రజలకు లెక్కలేనన్ని గంటలు మిగిల్చెను.